కిరీటం వచ్చింది, నిద్ర పోయింది

నాయనా, మంట దగ్గరికి జరిగి కూర్చో. ఆ ఫోను కాసేపు పక్కన పెడితే దానికేమీ చలి చెయ్యదు. ఇవాళ చెప్పేది మన ఊరి ముచ్చట కాదు, స్కాట్లండుది. మాక్‌బెత్ అనే సేనాపతి, అతని భార్య, వాళ్ళింటికి చుట్టపుచూపుగా వచ్చిన రాజు. కాలేజీలో నువ్వు చదివే ఉంటావు. చదివావంటే నాటకం కాదులే, గైడు. ‘మితిమీరిన అధికారకాంక్ష, దాని పర్యవసానం’ అని పది మార్కుల ప్రశ్నకి జవాబు రాసి బయటపడి ఉంటావు.

ఆ పది మార్కుల్లో ఇమడని సంగతి ఒకటుంది. రాజ్యం కోసం రాజుని చంపినవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు. తండ్రిని ఖైదులో పెట్టిన కొడుకులున్నారు, అన్నని చంపిన తమ్ముళ్ళున్నారు. వాళ్ళలో చాలామంది హాయిగా రాజ్యాలేలి, మనవల్ని ఎత్తుకుని, మంచం మీదే పోయారు. ఈ మొగుడూ పెళ్ళాలకి మాత్రం అలా కుదరలేదు. రాజుని చంపిన రాత్రే నిద్ర పోయింది. తర్వాత తిండి పోయింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాట పోయింది. ప్రాణాలు పోవడం ఆఖరున. నా మట్టుకు నాకు ఆ నాటకమంతా ఈ వరసలోనే కనిపిస్తుంది.

ఆ కాలం ఎలాంటిదో ముందు కాస్త చెప్పనీ, కథ ఎక్కడికీ పారిపోదు. షేక్‌స్పియర్ దీన్ని 1606 ప్రాంతంలో రాశాడు. లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణపు గట్టున గ్లోబ్ అనే నాటకశాల ఉండేది. 1599లో కట్టారు. చెక్కతో, గుండ్రంగా, నడిమధ్యన పైకప్పు లేకుండా. గుమ్మం దగ్గర ఒక పెన్నీ ఇస్తే ఆ నడిమి ఖాళీలో నిలబడి చూడొచ్చు, వానొస్తే తడవొచ్చు. ఇంకో పెన్నీ ఇస్తే చుట్టూ ఉన్న మేడల్లో బల్ల మీద చోటు. మూడో పెన్నీ కూడా ఇస్తే కింద వేసుకోవడానికి మెత్త. అంటే మన పాత టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు, బెంచీ టిక్కెట్టు, కుర్చీ టిక్కెట్టు అన్నమాట. మంచి పనివాడికి రోజు కూలి సుమారు 12 పెన్నీలున్న కాలం కనక నేల టిక్కెట్టు ఎవడికీ బరువు కాదు. రొట్టె కొనుక్కునే డబ్బుతో రాజుగారి చావు చూసొచ్చేవాళ్ళు. ఆ పక్కనే ఉండే రోజ్ అనే మరో నాటకశాల పునాదులు 1989లో తవ్వితే హేజల్‌నట్ పెంకులు విపరీతంగా బయటపడ్డాయి. హాల్లో వేరుశనక్కాయల పొట్టు మడమలతో తొక్కుకుంటూ తిరిగినవాణ్ణి నేను. ఆ పెంకుల సంగతి చదివిన రోజున నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ జనం నాకు బాగా తెలిసినవాళ్ళే అనిపించారు.

ఆట మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలయ్యేది. కరెంటు దీపాల్లేవు, పైన ఎండ. ఈ కథలో చూస్తే ముఖ్యమైనవన్నీ రాత్రి పూటే జరుగుతాయి. సూర్యుడు నెత్తిన ఉండగా రాత్రిని ఎలా చూపించేవాళ్ళంటావు? నటుడొకడు వెలిగించిన కాగడా పట్టుకొచ్చేవాడు, లేకపోతే కొవ్వొత్తి. అంతే, జనమందరికీ చీకటి పడిపోయేది. మిగతా పని మాటలు చేసేవి. ఈ కొవ్వొత్తిని గుర్తుపెట్టుకో, తర్వాత దానితో పనుంది.

ఆడవేషాలు ఆడవాళ్ళు కట్టే ఆచారం అప్పటికి అక్కడ లేదు. గొంతు మారని కుర్రాళ్ళు కట్టేవారు. రాజుగారి హత్యకి మొగుణ్ణి పురికొల్పే ఆ ఇల్లాలు లండన్ జనం ముందుకి మొదట వచ్చింది ఒక కుర్రాడి రూపంలోనే. నవ్వకు. మన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే ఎదురుగా ఉన్నది మగవాడన్న సంగతి ఆడవాళ్ళే మరిచిపోయేవారు. వేషం ఎవరు కట్టారన్న ఆరా తెర లేచేవరకే. సరే, కబుర్లలో పడితే తెల్లారిపోతుంది, అసలు దారికొద్దాం.

ఎలిజబెత్ రాణి పిల్లాపాపా లేకుండా పోయాక 1603లో స్కాట్లండు రాజు జేమ్స్‌ని పిలిచి ఇంగ్లండుకి కూడా పట్టం కట్టారు. షేక్‌స్పియర్ ఉన్న నాటక కంపెనీని ఆయన తన పేరు కిందికి తీసుకున్నాడు. ఆ రాజుకి రెండు బెంగలు. మొదటిది మంత్రగత్తెలు. వాళ్ళ మీద 1597లో ఏకంగా పుస్తకమే అచ్చు వేయించాడు. రెండోది హత్య. అది ఊరికే వచ్చిన భయం కాదు. తండ్రి డార్న్‌లీని 1567లో చంపేశారు, తల్లి మేరీ తల 1587లో నరికించారు. ఇక 1605 నవంబరు 5న పార్లమెంటు కింది గదిలో 36 పీపాల తుపాకిమందు దొరికింది. తెల్లారితే రాజు, యువరాజు, ప్రభువులు అంతా ఒకేసారి పైకి లేచిపోవలసినవాళ్ళు. ఆ మరుసటేడే, రాజుని నిద్రలో పొడిచి చంపే కథ రాజుగారి సొంత కంపెనీ ఆడిందంటే ఆ రచయితకి ఎంత గుండె ఉండాలి!

గుండె ఒక్కటే చాలదు, లౌక్యం కూడా ఉండాలి. హాలిన్‌షెడ్ పేరున అచ్చయిన పాత చరిత్రలో మాక్‌బెత్ నేస్తం బాంకోకి కూడా హత్యలో వాటా ఉంది. జేమ్స్ వంశం వాళ్ళేమో తాము బాంకో సంతతి అని చెప్పుకునేవారు. దాంతో షేక్‌స్పియర్ బాంకో చేతికి మరక అంటకుండా పక్కన నిలబెట్టేశాడు. పెద్దవాళ్ళ కొలువులో నాలుగు కాలాలు బతకాలంటే ఆ మాత్రం నేర్పు కావాలి మరి.

ఇక కథ. యుద్ధం గెలిచి మాక్‌బెత్, బాంకో ఇద్దరూ బీడు మీదుగా వస్తుంటే ముగ్గురు మంత్రగత్తెలు ఎదురయ్యారు. మాక్‌బెత్‌ని గ్లామిస్ ప్రభువని పిలిచారు, అది అతనికి ముందునుంచీ ఉన్నదే. కాడర్ ప్రభువన్నారు. అది రాజు అప్పటికే ఇచ్చేశాడు, కబురే ఇంకా అందలేదు. కాబోయే రాజన్నారు. బాంకోతో నువ్వు రాజువి కావు గానీ నీ వంశం ఏలుతుందన్నారు. మాయమయ్యారు. ఇక్కడ ఒకటి చూడు. చంపమని వాళ్ళు ఒక్క ముక్క అనలేదు. పక్కనే నిలబడి బాంకో కూడా జోస్యం విన్నాడు. విని, సగం నిజం చెప్పి నిలువునా ముంచే శక్తులుంటాయి జాగ్రత్తని స్నేహితుణ్ణి హెచ్చరించాడు కూడా. మాక్‌బెత్‌కేమో ఆ మాట చెవిన పడీపడకముందే హత్య తలపుకొచ్చి ఒళ్ళు జలదరించింది. ఆ తలపు వాళ్ళు పెట్టింది కాదు, లోపల ఉన్నదే. అప్పటికే రాజదూత వచ్చి కాడర్ బిరుదు నీకే అని చెప్పి ఉన్నాడు. ఇంకేముంది! రెండు నిజమయ్యాయి కాబట్టి మూడోది లోకం తనకి బాకీ పడిందనుకున్నాడు. ఆశకి అంతు లేదంటారే, అది ఇలా మొదలవుతుంది. ఇంతకీ ఆ కాడర్ బిరుదు ఎవరిదో తెలుసా? రాజద్రోహం చేసి ప్రాణం పోగొట్టుకున్నవాడిది.

పెళ్ళాం మాట విని చెడ్డాడు పాపం అని అతని గురించి చాలామంది అంటారు. నేనొప్పుకోను. ఆమెకి ఉత్తరం రాసిందెవరు? రాజ్యం నీదీ నాదీ అని ఊరించిందెవరు? రాజు డంకన్ తన పెద్దకొడుకు మాల్కమ్‌ని యువరాజుగా ప్రకటించగానే, వీడు నా దారికి అడ్డమని లోపల్లోపల లెక్క వేసుకున్నదెవరు? అన్నీ తనే. ఇంకా ఘోరమేమిటంటే ఆ రాత్రి రాజు తన ఇంట్లో భోంచేస్తుండగా బయటికి వచ్చి నిలబడి, మంచీ చెడూ అంతా తనకి తానే చెప్పుకున్నాడు. ఈయన నాకు బంధువు. నాకు ఏలిక. ఇవాళ నా ఇంటి అతిథి. హంతకుడొస్తే తలుపు వెయ్యవలసినవాణ్ణి, నేను కత్తి పట్టడమేమిటి? పైగా మెత్తని మనిషి, ఎవరికీ అన్యాయం చెయ్యనివాడు. నన్ను తోస్తున్నది ఆశ ఒక్కటే, ఇంకే కారణమూ లేదు. ఇన్ని తెలుసు. కంచే చేను మేస్తే ఎలా అని ఒకరు చెప్పక్కర్లేకుండానే తెలుసు. చెయ్యనని నిశ్చయించుకుని భార్యతో అన్నాడు కూడా. ఆమె ‘నువ్వసలు మగాడివేనా’ అన్న అర్థం వచ్చే మాట ఒకటి విసిరింది. అంతసేపు వేసిన లెక్కంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయింది. ఆ మాట పడలేక కొంపలు కూల్చుకున్నవాళ్ళని మన పల్లెల్లో కూడా చూశాను నాయనా. గట్టు తగాదాల దగ్గర సగం నెత్తురు ఆ మాట మీదే పారింది.

ఆమె రాతిగుండెది అంటారు, అదీ నిజం కాదు. మొగుడి ఉత్తరం చదివాక, నాలోని ఆడతనాన్ని, మెత్తదనాన్ని తీసెయ్యండని చీకటి శక్తుల్ని వేడుకుంది. లేనిదాన్ని తీసెయ్యమని ఎవరైనా అడుగుతారా? రాజుగారి కావలివాళ్ళకి మత్తు కలిపిన పానీయం ఇచ్చింది ఆమే, కత్తులు తీసి సిద్ధంగా పెట్టిందీ ఆమే. తనే పొడిచేసేది గానీ నిద్రలో ఆ ముసలాయన తన తండ్రిలా కనిపించాడట. చెయ్యి రాలేదు. ఆమెకి తర్వాత పట్టబోయే గతికి విత్తనం ఆ ఒక్క మాటలోనే పడింది.

చంపాడు. చంపి బయటికి వచ్చేసరికి మనిషి మనిషి కాదు. పక్కగదిలో ఇద్దరు నిద్రలో ఉలిక్కిపడి లేచి, దేవుణ్ణి తలుచుకుని మళ్ళీ పడుకున్నారట. వాళ్ళ ప్రార్థనకి తథాస్తు అనబోతే తన గొంతులో మాట ఇరుక్కుంది. అదే పెద్ద దిగులైపోయింది అతనికి. ఎంత వింత! నిద్రపోతున్నవాణ్ణి పొడిచి వచ్చినవాడికి దేవుడి పేరు నోట రాలేదన్న బెంగ. ఇక నీకు నిద్ర లేదు, నువ్వు చంపింది నిద్రని అని ఇల్లంతా ఒక గొంతు అరుస్తున్నట్టు వినిపించింది. మన భారతంలో సౌప్తిక పర్వం చదివినవాళ్ళకి ఈ పాపం బరువు వేరే చెప్పక్కర్లేదు. అశ్వత్థామ కూడా పడుకున్నవాళ్ళనే చంపాడు, ఆ తర్వాత చావు కూడా దొరక్క తిరిగాడు.

ఆ కంగారులో మాక్‌బెత్ కత్తుల్ని శవం దగ్గర వదలకుండా చేతిలోనే పట్టుకొచ్చేశాడు. యుద్ధంలో మనుషుల్ని నిలువునా చీల్చిన వీరుడు, మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళనంటాడు. ఆమె విసుక్కుని తనే పట్టుకెళ్ళి, కావలివాళ్ళ ఒంటికి నెత్తురు పూసి వచ్చింది. సముద్రాలన్నీ తెచ్చి కడిగినా ఈ చెయ్యి తెల్లబడదని అతని గోల. కాసిన్ని నీళ్ళు చాలు, పోతుందని ఆమె ధీమా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనవాళ్ళు సులువుగా అనేశారు. తొక్కిన అడుసు కడిగితే పోతుందనుకోవడం ఆమె లెక్క, పోదని తెలిసి కూడా తొక్కడం అతని ఖర్మ.

ఇక తిండి సంగతి. పట్టాభిషేకమైంది. బాంకో వంశం ఏలుతుందన్న జోస్యం మాత్రం ముల్లై గుచ్చుకుంటోంది. ఇంత పాపం చేసింది బాంకో మనవలు ఏలడానికా? కిరాయి హంతకుల్ని పెట్టాడు. వాళ్ళు బాంకోని చంపారు, కొడుకు ఫ్లియన్స్ చీకట్లో తప్పించుకున్నాడు. ఆ రాత్రే కోటలో విందు. ఆ రోజుల్లో విందుకి ఎంత మర్యాదో చూడు. ఎవరి హోదాకి తగ్గ చోట వాళ్ళు కూర్చోవాలి. గృహస్థు మధ్యమధ్య తిరిగి, తినండి, తాగండి అని పలకరిస్తూ ఉండాలి. పలకరింపు లేని విందు డబ్బిచ్చి తిన్న కూటితో సమానమని ఆ రాణిగారే మొగుడికి గుర్తు చేస్తుంది. మన పెళ్ళిళ్ళలో వడ్డనల దగ్గర కొసరి కొసరి అడిగే పెద్దమనిషి ఒకడు తప్పనిసరి కదా, అదే మర్యాద.

రాజుగారు కూర్చోబోయేసరికి తన కుర్చీ ఖాళీగా లేదు. బాంకో కూర్చున్నాడు, తల నిండా గాట్లతో. అతనికి తప్ప ఇంకెవరికీ కనపడడు. ‘నేను చేశానని నువ్వనలేవు’ అన్న ధోరణిలో నిండు సభలో అరిచేశాడు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఆ భార్య అవస్థ చూడాలి. ఆయనకి చిన్నప్పటినుంచీ ఇలా వస్తుంటుంది, మీరు కానివ్వండి, అటు చూడకండి అని అతిథుల్ని సముదాయిస్తుంది. పక్కకి తిరిగి మొగుణ్ణి పళ్ళబిగువున తిడుతుంది. మళ్ళీ అటు తిరిగి నవ్వుతుంది. ఎంత నెట్టుకొచ్చినా లాభం లేకపోయింది. చివరికి హోదాల వరస చూసుకోకుండా వెంటనే వెళ్ళిపోండని ఆమే పంపేసింది. వరస ప్రకారం కూర్చోబెట్టిన సభ వరస లేకుండా లేచిపోయింది. రాజ్యం కూడా అదే రాత్రి చెయ్యి జారడం మొదలైందని నా లెక్క. విస్తరి ముందునుంచి లేచిపోయిన మనిషి ఊరికే ఉండడు, నలుగురితో చెప్పుకుంటాడు.

ఇప్పుడు మాట సంగతి, నాకు అన్నిటికంటే గుండె పిండేది ఇదే. ఆ విందుకి ముందు చిన్న రంగం ఒకటుంది. గైడులో దానికి రెండు లైన్లు కూడా ఉండవు. రాణి నౌకర్ని పిలిచి, ప్రభువులకి తీరిక ఉంటే రెండు మాటలు మాట్లాడాలనుందని చెప్పమంటుంది. సొంత మొగుడితో మాట్లాడటానికి నౌకరు చేత కబురు! రాజ్యం రాకముందు దారిలోనుంచే ఉత్తరం రాసి ప్రతి సంగతీ పంచుకున్నవాడు, వచ్చాక ఒంటరిగా తిరుగుతున్నాడు. బాంకోని చంపించబోతున్న సంగతి ఆమెతో అనడు. నీకు తెలియకపోవడమే మంచిది, అయ్యాక మెచ్చుకుందువుగాని అంటాడు. ఉన్నది పోయే, ఉంచుకున్నదీ పోయే అంటారే, ఆ ఇంట్లో జరిగింది అదే. ఒకరికొకరు తప్ప వాళ్ళకి ఎవరూ లేరు, పిల్లలు కూడా లేరు. ఆ ఒక్క తోడూ పోయింది. విందు చెదిరి అందరూ వెళ్ళాక ఇద్దరే మిగులుతారు. ఆమె తిట్టదు, నిందించదు. నీకు నిద్ర కరవైంది అంటుంది, అంతే. ఆ తర్వాత నాటకం అయిపోయేదాకా వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎదురుపడరు. కావాలంటే పేజీలు తిప్పి చూసుకో.

అక్కణ్ణుంచి అతను మొద్దుబారిపోయాడు. ఇంత నెత్తురులో దిగాక వెనక్కి రావడమూ ముందుకి పోవడమూ ఒకటే శ్రమ అనుకున్నాడు. మక్‌డఫ్ అనే ప్రభువు ఇంగ్లండు పారిపోతే, ఏ పాపమూ తెలియని అతని భార్యాబిడ్డల్ని కోటలోనే నరికించాడు. డంకన్‌ని చంపే ముందు అంత లెక్క వేసినవాడు వీళ్ళని చంపించే ముందు అర నిమిషం కూడా ఆలోచించలేదు. ఆ కబురు విన్న మక్‌డఫ్ టోపీ కళ్ళ మీదికి లాక్కుంటాడు. నమ్మలేక, పిల్లలందరూనా అని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. పగ తీర్చుకోవయ్యా అని పక్కనున్న యువరాజు తొందరపెడితే, తీర్చుకుంటాను, ముందు ఏడవనీ అన్న పద్ధతిలో జవాబు చెబుతాడు. నా దృష్టిలో ఆ నాటకం మొత్తంలో నిఖార్సయిన మగాడు అతనొక్కడే.

ఆమెది ఇంకో దారి. పగలంతా గట్టిగా నిలబడ్డ మనిషి రాత్రి నిద్రలో లేచి నడవడం మొదలుపెట్టింది. కొవ్వొత్తిని గుర్తుపెట్టుకోమన్నానే, అది ఇప్పుడొస్తుంది. చీకటిని రమ్మని వేడుకున్నావిడ పక్కన దీపం లేకుండా పడుకోలేకపోతోంది. నిద్రలో చేతులు రుద్దుకుంటుంది, ఒక్కోసారి పావుగంట సేపు. కాసిన్ని నీళ్ళతో పోతుందన్న మరక ఇంకా కనిపిస్తోంది, వాసన కూడా వస్తోంది. రాణి పరిచారికతో కలిసి చాటుగా చూస్తున్న వైద్యుడు, ఇది నా మందుకి లొంగేది కాదు, ఈమెకి కావలసినవాడు దేవుడి మనిషి అని తప్పుకుంటాడు. 1611లో గ్లోబ్‌లో ఈ నాటకం చూసి సైమన్ ఫోర్మన్ అనే జ్యోతిష్కుడు నోటు పుస్తకంలో రాసుకున్నాడు, రాణి నిద్రలో నడుస్తూ అన్నీ ఒప్పేసుకుంటే వైద్యుడు ఆమె మాటలు రాసుకున్నాడని. అతను కూడా వైద్యం చేసేవాడే. ఎవరి కన్ను ఎక్కడుంటుందో చూడు!

1785లో సారా సిడన్స్ అనే మహానటి లండన్‌లో ఈ వేషం కట్టింది. అంతకుముందు వేసినవాళ్ళు కొవ్వొత్తి ఒక చేత్తో పట్టుకునే ఆ రంగం నడిపించేవారు. ఒక చెయ్యి ఆగిపోతే చేతులు ఎలా కడుక్కుంటారమ్మా అని ఈవిడ కొవ్వొత్తిని కింద పెట్టాలని తేల్చుకుంది. నాటకశాల యజమాని షెరిడన్ వేషం గదిలోకే వచ్చి, పాత పద్ధతి మార్చావా జనం ఊరుకోరని పోరాడాడు. వినలేదు. బల్ల మీద దీపం పెట్టి, రెండు చేతులూ కలిపి కడిగింది. హాలంతా కట్టుపడిపోయింది. ఆట అయ్యాక షెరిడన్ వచ్చి నువ్వే గెలిచావన్నాడు. మన దేశంలోనూ ఈ వేషం పండింది. 2003లో విశాల్ భరద్వాజ్ ఈ కథనే ముంబై మాఫియాలోకి తెచ్చి ‘మక్బూల్’ అని తీస్తే, నెత్తురు మరక వదలడం లేదని తల్లడిల్లే ఆ ఆడమనిషిగా మన హైదరాబాదు అమ్మాయి టబు చేసింది. చూడకపోతే చూడు.

ఆమె చావు మనకి చూపించడు షేక్‌స్పియర్. లోపలినుంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తుంది, రాణి పోయిందని ఒకడొచ్చి చెబుతాడు. అంత ప్రేమించిన భార్య పోతే అతనికి కన్నీరు రాదు. రేపు, ఆ తర్వాత ఇంకో రేపు, బతుకంతా అర్థం లేని గోల అని ఏదో తనలో తను అనుకుంటాడు. తర్వాతదంతా త్వరత్వరగా జరిగిపోతుంది. అడవి నడిచివస్తే తప్ప ఓటమి లేదని, ఆడది కన్నవాడి చేతిలో చావు లేదని మంత్రగత్తెలు మళ్ళీ చెప్పి ఉన్నారు. శత్రువులు చెట్లకొమ్మలు పట్టుకుని వచ్చారు. మక్‌డఫ్ తల్లి కడుపు కోసి తీసిన బిడ్డ. తల తెగింది. అయిపోయింది.

అసలు మాక్‌బెత్ వేరు సుమా, ఆ పాపం మనం కట్టుకోకూడదు. 1040లో ఎల్గిన్ దగ్గర యుద్ధంలో డంకన్ పోయాడు. మంచం మీద కాదు, ముసలివాడూ కాదు. నిద్రలో రాజుని చంపించిన కథ డాన్‌వాల్డ్ అనే మరొకడిది, పాత చరిత్రలోంచి తీసి షేక్‌స్పియర్ ఇతనికి అతికించాడు. అసలు మాక్‌బెత్ 17 ఏళ్ళు ఏలాడు. 1050లో రోముకి యాత్ర వెళ్ళి అక్కడి బీదలకి డబ్బు ధారాళంగా పంచాడు. భార్య పేరు గ్రూఖ్. ఆమె మొదటి భర్త కొడుకు లూలఖ్‌నే అతని తర్వాత గద్దె ఎక్కించారు. సవతి తండ్రి అతన్ని చంపించలేదు మరి! 1057లో లంఫానన్ దగ్గర పోరులో మాల్కమ్ చేతిలో మాక్‌బెత్ పోయాడు.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. 1865 ఏప్రిల్ 9న అమెరికా అధ్యక్షుడు లింకన్ నదిలో స్టీమరెక్కి వాషింగ్టన్ తిరిగొస్తూ, తోటివాళ్ళకి ఈ నాటకం పైకి చదివి వినిపించాడు. అక్కడి అంతర్యుద్ధం ముగింపుకొచ్చిన రోజులవి. మాక్‌బెత్ భార్యతో మాట్లాడుతూ, చచ్చిన డంకన్ సుఖంగా నిద్రపోతున్నాడు, మనకే లేదని ఈర్ష్యపడే చోట ఆగాడు. హంతకుడి మనసుని ఎంత నిజంగా పట్టుకున్నాడో అని విడమరిచి చెప్పి, అదే రంగం మళ్ళీ చదివాడు. అదే వారం 14వ తేదీన అతన్ని ఒక నటుడు నాటకశాలలోనే కాల్చాడు, మర్నాడు పొద్దున్న పోయాడు.

లింకన్ రెండుసార్లు చదివిన రంగమూ, రాణి నౌకరు చేత కబురు పంపే రంగమూ ఒకటే నాయనా, మూడో అంకంలో రెండోది. చాలా చిన్నది. గైడు పక్కన పెట్టి రేపు దాన్ని తెరువు. పైకి చదువు, ఆమె మాటలు మాత్రం ఇంట్లో ఇంకెవరి చేతైనా చదివించు.